ఎలుక రిపోర్టు

"అక్కడే ఆగు! ఇంకొక్క అడుగు ముందుకేశావంటే పిల్లని తీసుకుని వెళ్ళిపోతా!"

ఊళ్ళో అందరూ గౌరవంగా 'దోన్యా' అని పిలిచే అత్తగారు ఓర్ఫీలియా గేటు అవతల నుంచే అరిచింది. ఆవిడ చంకలో పదినెలల రాయెన్ తల్లిని చూసి రెండు చేతులూ చాచి గింజుకుంటోంది. ఐలీన్ తన పెరట్లో, గేటుకి పదడుగుల ఇవతల, కొయ్యబారిపోయినట్టు నిలబడింది. బిడ్డని ముట్టుకుని ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

"ఊరికే చూస్తానత్తా. మాస్కు పెట్టుకునే ఉన్నాగా."

"చూడు, కళ్ళతో చూడు. ఆ మాయదారి రోగం మనిషి ఊపిరి తగిలినా అంటుకుంటుందని ఊరంతా తిరిగి చెప్పింది నువ్వే కదే! ఎలుకలు పట్టే ఉద్యోగం వద్దు మొర్రో అంటే విన్నావా?"

వినలేదు. ఆ సంవత్సరం కొండల్లో వెదురు పూసింది. గింజలు తిని పొడుగు తోక ఎలుకలు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. అవి మోసే హంటా వైరస్ మనిషికి సోకితే బతికి బట్టకట్టడం కష్టం. అడవి అంచున బోన్లు పెట్టి, పడిన వాటి రక్తం తీసి రాజధానికి పంపడం ఐలీన్ పని. ఆ రోజు బోనులోంచి సంచిలోకి దులుపుతుంటే ఒక ఎలుక ఎగిరి ఆమె ముఖం మీద పడింది. మాస్కు ఊడింది. దాని మూతి తడి ఆమె పెదవికి తగిలింది. ఎలాగో దాన్ని పట్టి రక్తం పంపారు. రిపోర్టు మాత్రం ఇంకా రాలేదు.

అప్పట్నుంచి ఆమెకి కంటిమీద కునుకు లేదు. గంటకోసారి థర్మామీటరు పెట్టుకుంటుంది. తుమ్మొస్తే గుండె గుభేలుమంటుంది. రొట్టెల దుకాణం వాడు రొట్టెని గేటుకి తగిలించి వెనక్కి చూడకుండా పోతున్నాడు. పక్కింటి వాళ్ళు ఇటువైపు కిటికీలన్నీ మూసేశారు. చచ్చిపోతానన్న భయం కన్నా, బిడ్డని మళ్ళీ ఎత్తుకోకుండా చచ్చిపోతానేమో అన్న భయమే ఆమెని తినేస్తోంది.

"ఏం దోన్యా, పొద్దున్నే కోడల్ని తగులుకున్నారు?"

చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కుతో లిసాండ్రో వచ్చాడు. ఐలీన్‌తో కలిసి బోన్లు మోసేవాడు, రాయెన్‌కి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి. సోమవారం నర్సు వచ్చి ఈ ఇద్దరి రక్తమూ పరీక్షకి తీసుకెళ్ళింది. మూతికి మాస్కు లేదు.

ఓర్ఫీలియా నాలుగడుగులు వెనక్కి వేసింది. "ఒరేయ్, దాని దగ్గరికి వెళ్ళొచ్చి నా గుమ్మం తొక్కావో, కాళ్ళు విరగ్గొడతా!"

"తొక్కనులే. ఆ రోజు సంచి మూతి జారవిడిచింది నేను. ఇప్పుడు ఇంట్లో దాక్కుంటే నేనేం మనిషిని?"

గేటు తీసుకుని దర్జాగా లోపలికొచ్చి దుంగ మీద కూలబడ్డాడు. "వంద బోన్లు మోస్తే తొడలు పట్టేశాయి చెల్లెమ్మా," అంటూ సొరకాయ బుర్రలో, టీలా తాగే మాతే ఆకు మీద వేడినీళ్ళు పోశాడు. గొట్టంతో తను ఒక బుర్ర పీల్చేసి, మళ్ళీ నింపి, అదే గొట్టంతో ఆమెకి అందించాడు.

"వద్దన్నా. నాకు ఉంటే నీకూ అంటుకుంటుంది."

"అంటుకుంటే ఇద్దరం కలిసే మంచమెక్కుదాం. తాగు."

తొమ్మిది రోజులుగా రోజూ ఇదే వాదన, రోజూ ఆమే ఓడిపోతోంది. మాస్కు కిందికి లాగి తాగింది. కళ్ళనీళ్ళు గొట్టం మీద పడ్డాయి. మూడొందల గడపల ఊళ్ళో తనని మనిషిగా చూసింది ఇతనొక్కడే.

ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి డాక్టర్ సులేమా! ఐలీన్ ఫోనుని అతని ముందుకి తోసింది. లిసాండ్రోయే మీట నొక్కి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

"ఐలీన్, ఎలుక రిపోర్టు వచ్చింది. దానిలో ఏ వైరసూ లేదు. బయటికి రా, ఇక నీకు నిర్బంధం లేదు!"

ఐలీన్ మాస్కు పీకి పారేసి గేటు దగ్గరికి పరిగెత్తింది. ఓర్ఫీలియా ఇంకా నమ్మలేక, "నిజమేనా? నా మీద ఒట్టేసి చెప్పు," అంది.

"మీ మీద ఒట్టు, నా బిడ్డ మీద ఒట్టు! ఇటివ్వండత్తా!"

బిడ్డ తల్లి మీదికి దూకింది. ఐలీన్ ఆ బుగ్గల్ని, అరచేతుల్ని, పాదాల్ని ఊపిరి సలపకుండా ముద్దులాడింది. ఓర్ఫీలియా వలవలా ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, కాస్త దూరంగా నవ్వుతూ నిలబడ్డ లిసాండ్రో వైపు చూసింది. కోడలి చేతుల్లోంచి బిడ్డని తీసుకెళ్ళి అతని చేతుల్లో పెట్టింది.

"మేమంతా పారిపోయాం నాయనా. నువ్వొక్కడివే నిలబడ్డావు. ఎత్తుకో, ముద్దు పెట్టుకో, నీ కూతురే ఇది."

లిసాండ్రో రాయెన్ మెడలో ముఖం దాచుకున్నాడు. అది కితకితలకి కేరింతలు కొడుతూ నాలుగు వేళ్ళూ అతని నోట్లో పెట్టింది, తీసి తన నోట్లో పెట్టుకుంది.

ఫోను మళ్ళీ మోగింది. ఐలీన్ నవ్వుతూనే చెవికి ఆనించుకుంది. "చెప్పండి డాక్టర్!"

"సోమవారం నర్సు మీ ఇద్దరికీ తీసిన రక్తం రిపోర్టులు కూడా ఇప్పుడే వచ్చాయమ్మా. నీకేం లేదు, లిసాండ్రోకి ఉంది, వేరే బోనులో ఎలుక నుంచి సోకినట్టుంది. పాపని మాత్రం అతని దరిదాపులకి పోనివ్వకు."