కురింజికి పట్టిన పురుగు

"పురుగు మళ్ళీ తినేసింది సామీ. పోయిన వారం కొమ్మల నిండా మొగ్గలుండె. ఒక్కటి మిగల్లే. ఇప్పుడు మొక్క తిరగా మొగ్గ వేస్తా ఉంది."

తోటమాలి కుప్పుసామి మాటకి పరంధామయ్య విసుగ్గా మొహం తుడుచుకున్నాడు. పెరంబూరు నుంచి రెండు బస్సులు మారి అడయారు చేరేసరికే ఆయనకి ఒళ్ళు మండుతోంది. తోట చూస్తే మరీ మండింది. కొండమొక్కల్ని తెచ్చి మద్రాసు ఉక్కలో పెంచాలనుకోవడమే పిచ్చి. పెద్దచెట్ల నీడన పెట్టారు. ఆకులు కుళ్ళబెట్టి వేశారు. చుట్టూ తడిగోనెలు కట్టారు. అయినా ఊటీ మొక్కలన్నీ పోయాయి. మిగిలింది పన్నెండేళ్ళకోసారి పూసే ఈ కురింజి ఒక్కటే. ఈ తోటలో పనిచేసే రోజుల్లో ఆయన భార్య తంగమ్మ కొండ మీద నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

తంగమ్మ పోయింది. మొక్క ఉంది.

తోట యజమానురాలు రాజలక్ష్మి విసురుగా వచ్చింది.

"ఇంక నా వల్ల కాదు పరంధామయ్యా. ఈ పువ్వు కోసం ఏళ్ళ తరబడి కాచుకోనుండా. రేపు డీడీటీ కొట్టిస్తా."

"పేడా ఆకూ తప్ప ఈడ మందు పడకూడదన్నది ఎవరమ్మా? మీరు కాదా?"

"నేనే. పురుగు వినాల గదా!"

"దానికి మన కట్టుబాట్లు తెలీవు సామీ," కుప్పుసామి నవ్వాడు.

"నోర్ముయ్యరా. నీళ్ళు పోసేది చేతగాదు, ఎగతాళొకటి," పరంధామయ్య కసిరాడు.

రాజలక్ష్మి తగ్గలేదు. "తంగమ్మ చేత్తో ఏరితే ఒక్క పురుగు మిగిలేది కాదు. మీరూ వారం వారం వచ్చి ఏరతానే ఉండారు. ఏదీ, పూసిందా?"

ఆ మాట ఆయనకి సూటిగా తగిలింది.

"ఇంకొక్క వారం ఆగండి. మందు మాత్రం కొట్టొద్దు."

"ఒక్క వారమే. ఆ మీదట మీరు అడ్డం పడినా వినను."

పరంధామయ్య మొక్క ముందు చతికిలబడ్డాడు. కళ్ళద్దాలు సవరించుకున్నాడు. కొమ్మ కొమ్మా వంచాడు, ఆకు ఆకూ తిప్పాడు. మోకాళ్ళు పట్టేసినా లేవలేదు. ఏరినవన్నీ తువ్వాల్లో మూటగట్టాడు.

"దొరికినాయా సామీ? ఆడనే నలిపెయ్యకూడదా?"

"నా చేత్తో చంపను. పోతా పోతా పారేస్తా."

బస్సు అడయారు వంతెన ఎక్కగానే మూట విప్పి, ఒక్కసారి పూసిందంటే చచ్చిపోయే జాతి అని తంగమ్మ చెప్పిన ఆ మొక్క మొగ్గలన్నిటినీ, ప్రతి ఆదివారంలాగే, కిటికీలోంచి ఏట్లోకి దులిపేశాడు.