టవర్ నీడలో గుడ్లు

దొడ్డి గోడ అవతల సెల్ టవర్ లేచింది. గంపలో గుడ్లు పొదుగుతున్న ఎర్రపెట్టకి గుండె ఆగినంత పనైంది.

"దాని తరంగాలకి గుడ్లన్నీ మురిగిపోతాయి!" అంటూ లేచింది.

"అది నిజమో కాదో నాకు తెలీదే తల్లీ. చల్లారితే మాత్రం మురగడం ఖాయం. కూర్చో. పిల్లలు దిగాక ఎంత తగువైనా పెట్టుకో" అంది పక్కనే మేస్తున్న టర్కీ కోడి పిన్ని.

"నీలాంటివాళ్ల వల్లే లోకం ఇలా తగలడింది!"

ఎర్రపెట్ట గోడెక్కింది. రోజూ పొద్దున బాతులకి ఉపన్యాసం, మధ్యాహ్నం మేకలకి, సాయంత్రం టవర్‌కే శాపనార్థాలు. గంప వైపు తొంగి చూస్తే ఒట్టు! పిల్లల కోసం అంత పోరాడే తల్లికి పొదిగే తీరికెక్కడిది?

టర్కీ పిన్ని నిట్టూర్చి, తన భారీ ఒళ్లు గంపలో సర్దుకుని, పిల్లలు దిగేదాకా కదల్లేదు.

ఒక్క గుడ్డూ మురగలేదు. ఎర్రపెట్ట గోడ దిగి రొమ్ము విరుచుకుంది. "చూశారా నా పోరాటం! రండి నాన్నా, అమ్మ దగ్గరికి!"

పిల్లలన్నీ బెదిరిపోయి టర్కీ పిన్ని రెక్కల కిందకి దూరాయి.

ఎర్రపెట్ట నిర్ఘాంతపోయి, మళ్లీ గోడెక్కింది.

"నేను ముందే మొత్తుకున్నానా! ఆ టవర్ దెబ్బకి కన్నతల్లినే గుర్తుపట్టట్లేదు!"