లలితమ్మకు నచ్చిన పిల్ల

"ఈ పిల్ల కూడా వద్దు," అంది లలితమ్మ, వచ్చిన అమ్మాయి గేటు దాటకముందే.

మానస తల పట్టుకుంది. నెలలో ఇది మూడోసారి. మొదట వచ్చిన బాలనాగమ్మది పెద్ద గొంతని, నిద్రపోయే బాబు ఉలిక్కిపడతాడని వద్దంది. రుబీనాకు నాలుగు నెలల్లో పెళ్లని, బాబు అలవాటు పడ్డాక బెంగ పెట్టుకుంటాడని వద్దంది. ఇప్పుడు పూజ.

"పూజకేమైంది అత్తమ్మా?"

"కూసున్న అర్ధగంటల పదిసార్లు ఫోన్ చూసింది. పిల్లగాడు మన్ను తిన్నా చూడది."

"రెండు నెలలైతే నా సెలవు అయిపోతది. వనపర్తి దవాఖానల మళ్లా చేరకుంటే నా పోస్టు ఇంకొకరికి ఇస్తరు. మరి గోపిని ఎవరు చూస్తరు?"

లలితమ్మ కొడుకు ప్రేమ్ కుమార్ పత్తి విత్తనాల కంపెనీలో పనిచేస్తాడు. సీజన్ మొదలైతే పొద్దున్నే పొలాల వెంట పోయి చీకటి పడ్డాక గద్వాల చేరుతాడు. మానస డ్యూటీకి పోతే పగలంతా ఇంట్లో ఉండేది లలితమ్మ, తొమ్మిది నెలల గోపి.

"నువ్వే చూసుకోరాదే అమ్మా," అన్నాడు ప్రేమ్, షూ లేసులు కట్టుకుంటూ. "నన్ను సాకలేదా?"

"నిన్ను సాకింది మీ అవ్వ. నేను గాదు."

ప్రేమ్‌ను బడిలో వేసిన ఏడాదే తండ్రి చనిపోయాడు, లలితమ్మ వలస పోయింది. లింగాల అనే ఊళ్లో అవ్వ దగ్గర పెరిగాడు. ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే అమ్మను చూసి తలుపు చాటుకు పోయేవాడట.

"పైగా నా నడుము గూడ ఒంగుతలేదు," అంటూనే లలితమ్మ వంగి, కింద పడ్డ గిలక్కాయ తీసి మనవడి చేతిలో పెట్టింది.

"మరి ఏం చేద్దామంటవ్?" అన్నాడు ప్రేమ్.

"బయటి దేశం పిల్లను పెట్టుకుందాం."

లేసు కడుతున్న ప్రేమ్ చేతులు ఆగిపోయాయి.

"చదువు నడుమ ఒక ఏడాది వేరే దేశంల ఎవరింట్లనన్న ఉండి, పిల్లల్ని చూసుకునే ఆడపిల్లలు ఉంటరంట. మనతోనే తింటరు, మన ఇంట్లనే పంటరు. యూట్యూబ్‌ల చూసిన."

"గద్వాలకు ఎవరొస్తరమ్మా?"

"మన ఆడోళ్లు ఎంతమంది పోయి ఆళ్ల పిల్లల్ని సాకుతలేరు? ఆళ్ల పిల్ల ఒక్కతి ఇటొస్తే ఏం మునుగుతది?"

వాడకట్టులో గొప్ప కోసం అత్త ఈ పని పెట్టిందని మానసకు అర్థమైంది. కాదంటే ఇక ఏ మనిషినీ ఒప్పుకోదని కూడా అర్థమైంది. రాత్రి కూర్చుని మొగుడితో ఒక వెబ్‌సైట్‌లో వివరాలు పెట్టించింది. ఎవరూ రారులే అనుకుంది. వారానికల్లా ఐదుగురు రాశారు.

ఆదివారం వీడియో కాల్. లలితమ్మ బీరువాలోంచి గద్వాల చీర తీసి కట్టుకుని మరీ కూర్చుంది.

మొదటి అమ్మాయి ఊరికే నవ్వుతోందని వద్దంది. రెండో అమ్మాయి అసలు నవ్వట్లేదని వద్దంది. మూడో అమ్మాయి ఒడిలో పిల్లి ఉంది. నాలుగో అమ్మాయికి ఏం వంక పెట్టాలో తోచక, "గోర్లు చూడు," అంది.

"ఇగ ఒక్కతే మిగిలింది," అన్నాడు ప్రేమ్ విసుగ్గా. "మరీనా. ఇరవై రెండేండ్లు. పోర్చుగల్."

లలితమ్మ కొంగు సర్దుకుంది. "పిల్లగాడు మారాం చేస్తే ఏం చేస్తదో అడుగు."

ప్రేమ్ ఇంగ్లీషులో అడగకముందే తెర మీది అమ్మాయి పెదవులు బిగబట్టుకుని నవ్వు ఆపుకుంది.

"సిగ్నల్ సక్కగ లేదు," అని ప్రేమ్ ఫోన్‌ను కిటికీ దగ్గరికి జరిపి, మళ్లీ అడిగాడు.

మరీనా మాటల్లో చెప్పలేదు. నేల మీద కూర్చుని కాళ్లు చాపింది. వాటి మీద దిండు పడుకోబెట్టి, పాదాలు మెల్లగా ఊపుతూ, పిల్లాడి నుదురు నిమిరినట్టు దిండు అంచును వేలితో నిమిరింది.

"ఆళ్ల దేశంల గూడ కాళ్ల మీదనే పండబెడ్తరా?" మానస ఆశ్చర్యపోయింది.

"పిల్లలు ఏడున్నా పిల్లలే," అని లలితమ్మ లేచింది. "ఈ పిల్ల ఖాయం."

"ఇంకేం అడగవా?"

"అడిగేదేముంది?" అంటూ నీళ్లు తాగడానికి వంటింట్లోకి పోయింది.

మరుసటి రోజు నుంచి ఇంట్లో హడావుడి మొదలైంది. కూలర్ ఉన్న తన గది ఆ పిల్లకిచ్చి, లలితమ్మ హాల్లోకి మారింది. నడుము ఒంగదన్న మనిషి మంచం కిందికి దూరి బూజు దులిపింది. కొత్త దుప్పటి కొన్నది. కాగితాల పని ఎక్కడిదాకా వచ్చిందని రోజుకు రెండుసార్లు కొడుకును అడిగింది.

"మనుమని కంటే మీ అమ్మకే తొందరగున్నది," అంది మానస.

"రానీ. నీ పోస్టు నీకుంటది గద."

మానస డ్యూటీలో చేరడానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా హైదరాబాద్ బస్సు గద్వాల బస్టాండులోకి వచ్చింది. వీపున పెద్ద సంచితో మరీనా దిగింది. ప్రేమ్ రెండు రోజులుగా అద్దం ముందు పలికి చూసుకున్న ఇంగ్లీషు మాటలు మొదలుపెట్టాడు. మానస గోపిని ముందుకు ఎత్తి పట్టుకుంది. లలితమ్మ మాత్రం వాళ్ల వెనకాలే ఉండిపోయింది.

"నమస్తే అక్కా," అంది మరీనా. "బస్సు జర లేటైంది. పరేషాన్ అయిన్రా?"

గోపిని కింద పడేయకుండా మానస గట్టిగా పట్టుకుంది.

"నీకు... మన మాట ఎవరు నేర్పిన్రు?"

మరీనా ఇద్దరినీ దాటుకుని పోయి లలితమ్మ భుజం చుట్టూ చెయ్యేసింది.

"మా అమ్మానాయిన కువైట్‌ల కొలువు చేసినప్పుడు ఎనిమిదేండ్లు నన్ను సాకింది ఈ అమ్మనే."