దూదిపింజ డిస్కు

"బావా, అది కుక్కపిల్లలతో ఆడుకోడానికి పనికొస్తుంది గానీ పోటీకి పనికిరాదు!" అంటూ మెకానిక్కు తల బాదుకున్నాడు.

టైలరు బావ వింటేగా! నారింజరంగు డిస్కును మణికట్టుతో అలా విదిలించాడు. అది గాలిలో తీరిగ్గా తేలుతూ వెళ్లి గడ్డిమీద మెత్తగా వాలింది. గొలుసులు వేలాడే ఇనపబుట్ట ఇంకా ఎక్కడో ఉంది. తక్కువ విసుర్లలో ఆ బుట్టలో డిస్కు పడేసినవాడిదే గెలుపు. అందుకు బరువుగా, అంచు గట్టిగా ఉన్న డిస్కు కావాలి. బావ విసిరింది ఇద్దరు సరదాగా విసురుకుని పట్టుకునే రకం. ముక్కుకు తగిలినా నొప్పి పుట్టదు.

అక్క లెక్కపెట్టుకుంటూ నడిచి డిస్కు దగ్గరికి చేరింది. "నలభై అడుగులు" అని, పక్కనున్న రాతిమీద కూర్చుని నోటుబుక్కులో రాసుకుంది.

మెకానిక్కు ఏడాదికోసారి, పోటీకి ముందురోజు అక్కావాళ్ల ఊరొస్తాడు. బంధువుల జంటల పోటీలో ఈ బావాబామ్మర్దులది ఎనిమిదేళ్లుగా రెండో స్థానమే. ఈసారి కప్పు కొట్టి తీరాలని అతను ఏడాది పొడుగునా బస్సు డిపో వెనక చేతులు పడిపోయేలా సాధన చేశాడు. తీరా వచ్చి చూస్తే బావ వాలకం ఇదీ! పదింటికల్లా జంట పేర్లు ఖాయం చెయ్యాలి. బావ స్థానంలోకి రావడానికి వెల్డింగు పనిచేసే తన తోడల్లుడు ఫోను పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఆయన విసిరితే డిస్కు తూటాలా పోతుంది.

"ఏమోయ్, మూడు రాశావా, నాలుగు రాశావా?" అన్నాడు బావ.

"మూడేనండీ. నాకు లెక్కలు రావనా మీ ఉద్దేశం?"

"ఏదీ, చూడనీ."

బావ కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. నోటుబుక్కు నాలుగుసార్లు తిరగేశాడు. ఆ తరవాత బూటు లేసు ఊడదీసి మళ్లీ కట్టుకున్నాడు.

"బావా, ఈపాటికి నేను ఇంజనంతా విప్పి మళ్లీ బిగించేసేవాణ్ణి!"

"తొందరెందుకురా? చొక్కా అయినా ఆటయినా కొలత చూసుకునే చెయ్యాలి."

కొలతల మాటకొస్తే బావకు టేపు అక్కర్లేదు. మనిషిని ఎగాదిగా ఓసారి చూసి గుడ్డ కత్తిరించేస్తాడు, అంగుళం తేడా రాదు. అలాంటివాడు ఇప్పుడు బుట్టెక్కడుందో కళ్లకు కనపడనట్టు ఆడుతున్నాడు. మిట్ట ఎక్కినా నలభై అడుగులే, పల్లం దిగినా నలభై అడుగులే.

"ఒక్క అడుగు ఎక్కువ పడితే నీ సొమ్మేం పోయింది బావా?" మెకానిక్కుకు ఒళ్లు మండిపోయింది.

"పోనీలేరా" అంది అక్క నవ్వుతూ. "ఆయన సరదా ఆయనది. ఇన్నేళ్లలో ఎప్పుడైనా నన్ను గ్రౌండుకు రమ్మన్నారా? ఈ ఆర్నెల్లనుంచీ నేనొచ్చి లెక్క రాయందే ఆట సాగదట!"

ఆ మాట చెబుతుంటే ఆమె మొహం వెలిగిపోయింది. మనిషి మాత్రం చిక్కిపోయింది. మొగుడి గురించిన దిగులు కాబోలు అనుకున్నాడు మెకానిక్కు.

దాహమేసి, నీళ్లసీసా కోసం అతను బావ సంచిలో చెయ్యిపెట్టాడు. మాత్రల అట్టలు తగిలాయి. ఒకటి కాదు, మూడు. వాటికింద మడతపెట్టిన ఆసుపత్రి కాగితం.

అయితే బావ భుజం పోయిందన్నమాట! పైకి చెప్పుకోలేక ఈ దూదిపింజ పట్టుకు తిరుగుతున్నాడు. పొద్దుట్నుంచీ ఎన్నేసి మాటలన్నాడు తను! మొట్టమొదట తనకు డిస్కు పట్టుకోవడం నేర్పింది ఎవరు? ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తుంటే కొత్త చొక్కా కుట్టి తొడిగింది ఎవరు? కాగితం విప్పడానికి చెయ్యి రాలేదు. సంచి మూసేసి, పక్కకెళ్లి తోడల్లుడికి ఫోను చేశాడు.

"ఈసారికి నువ్వు వద్దులే. నేనూ బావే ఆడతాం."

"మతిపోయిందా? చిత్తుగా ఓడిపోతారు!"

"ఓడితే ఓడతాం. కప్పు కోసం బావను వదులుకుంటానా?"

నిర్వాహకులకు కూడా అదే చెప్పి కళ్లు తుడుచుకుని వచ్చాడు. అక్క పక్కనే ఉన్న కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. అంతలో అవతలి మైదానం నుంచి బరువైన డిస్కొకటి దారితప్పి వచ్చి బావ కాళ్ల దగ్గర పడింది.

"పెద్దాయనా, కాస్త ఇటు పడెయ్యరూ!" అని అటునుంచి ఎవరో కేకేశారు.

బావ కుళాయివైపు చూశాడు. అక్క వీపు ఇటుంది. అంతే, నడుము తిప్పి ఒక్క విసురు విసిరాడు. డిస్కు రివ్వున చెట్లమీదుగా పోయి, ఎంతో దూరానున్న ఆ మనిషి చేతిలోనే పడింది.

మెకానిక్కుకు కోపం తన్నుకొచ్చింది.

"భుజం భేషుగ్గా ఉందే! నీకేదో అయిందని ఇందాకట్నుంచీ నా ప్రాణం పోతోంది. ఇంత చెయ్యి పెట్టుకుని నాతో ఆటలాడుతున్నావా?"

"ష్, మెల్లిగా. రేపు బరువుదే విసురుతాను, కప్పు మనదే. సరేనా?"

"మరి ఇవాళ ఈ దూదిపింజ ఎందుకు?"

బావ నారింజరంగు డిస్కును చొక్కా అంచుతో తుడుస్తూ, కుళాయి దగ్గర్నుంచి మెల్లగా వస్తున్న భార్యవైపు చూశాడు.

"మీ అక్క ఆగకుండా నలభై అడుగులే నడవగలదురా."