పెద్ద అక్షరాలు

నిచ్చెన జారింది.

పైన బోర్డు బిగిస్తున్న పనివాడు "అమ్మో!" అని కేక పెట్టాడు.

దారిన పోతున్న ఒక ముసలాయన పరుగున వచ్చి, రెండు చేతులా నిచ్చెనను పట్టుకుని ఆపాడు. ఆయన ఎడమచేతికి బొటనవేలు లేదు.

కళ్ళద్దాల దుకాణం యజమాని బయటికొచ్చి ముందు బోర్డు వంక చూశాడు.

"గీత గానీ పడిందా?"

"లేదు సార్. ఈ పెద్దాయన పట్టుకోకపోతే నా నడుం విరిగేది."

"సరే సరే, పని కానియ్."

పాత బోర్డు వానలకి వెలిసిపోతే అదే కొలతకి కొత్తది చేయించాడు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అతని ఇంటిపేరు ఒక్కటే ఉంటుంది. నోరు తిరగని అరబీ ఇంటిపేరు. 'అక్షరాలు వీధి మలుపు దాకా కనపడాలి, ఎప్పుడూ తగ్గించకు' అని తండ్రి పోయేముందు మరీ మరీ చెప్పాడు. కొడుకు ఆ మాట నిలబెట్టాడు, దానికి సొంత గొప్పలు కూడా జోడించాడు. తమది సముద్రాన్ని ఏలిన నౌకాధిపతుల వంశమనీ, ఆ పేరు తమకి తప్ప లోకంలో ఎవరికీ లేదనీ అద్దాలకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. చూపు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు చెవులు కూడా అప్పగించి కూర్చోవలసి వచ్చేది. వెనకాల అందరూ అతన్ని 'వంశంగారు' అనేవారు.

ముసలాయన తలెత్తి బోర్డునే చూస్తున్నాడు.

"ఏం కావాలి?" అన్నాడు వంశంగారు.

"ఇది నా ఇంటిపేరు బాబూ. ఆసుపత్రి పనిమీద ఈ ఊరొచ్చాను. ఈ పేరు చూసి ఎన్నేళ్ళయిందో!"

"నీకెక్కడిదయ్యా? ఇది నౌకాధిపతుల పేరు."

ముసలాయన నవ్వాడు. "ఎవరు చెప్పారు? పడవ పలకల సందుల్లో నార కూరి తారు పూసేవాళ్ళని అరబీలో అలా పిలిచేవాళ్ళు. నీళ్ళు లోపలికి రాకుండా చూడ్డమే మా పని. మా దేశంలో, రేవు పక్కన ఒక సందు సందంతా మేమే ఉండేవాళ్ళం. యుద్ధంలో సందూ పోయింది, మనుషులూ పోయారు."

లోపల కూర్చున్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. వంశంగారికి ఒళ్ళు మండింది.

"అంటే మేం తారు పూసే కూలివాళ్ళమా?"

"తప్పేముంది బాబూ? మీ నాన్న ఉన్నాడా?"

"పోయి ఏడాదైంది."

ముసలాయన నిచ్చెనని ఆనుకున్నాడు.

"నాకంటే చిన్నవాడు," అన్నాడు మెల్లగా. "వరసకి నేను నీకు పెదనాన్ననవుతాను."

అదిగో, వాటాకి వచ్చాడు అనుకున్నాడు వంశంగారు.

"మా తాతకి మా నాన్న ఒక్కడే కొడుకు. చెవిలో పువ్వు పెట్టడానికి ఇంకెవరూ దొరకలేదా?"

"ఒక్కడే కొడుకని మీ నాన్నే చెప్పాడా?"

"ఆయనే చెప్పాడు. అయితే ఏంటంట?"

ముసలాయన ఏదో అనబోయి మానుకున్నాడు.

"అయితే అలాగే అనుకో. నాకేం వద్దు బాబూ. రేపు పొద్దున గుండెకి ఆపరేషన్. నీ వాళ్ళెవరైనా ఉన్నారా అని ఆసుపత్రిలో అడుగుతున్నారు. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు కాసేపు పక్కన నిలబడితే చాలు."

"నిలబడతాను! ఆ తర్వాత మావాడేనని ఊరంతా చాటి దుకాణంలో సగం అడుగుతావు. ఏకై వచ్చి మేకై కూర్చునే రకాల్ని చాలామందిని చూశాను. నడు!"

భుజం పట్టి రోడ్డు మీదికి తోశాడు.

"సార్, పెద్దాయన..." అన్నాడు నిచ్చెన మీది పనివాడు.

"నీ పని నువ్వు చూసుకో!"

ముసలాయన పడబోయి తమాయించుకున్నాడు. తిట్టలేదు. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి బోర్డు చూసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం, తల్లి క్యారేజీ విప్పి అన్నం పెడుతుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

"మీ పెదనాన్నగారు ఆపరేషన్ మధ్యలో పోయారండీ. మీరొచ్చి తీసుకెళ్ళాలి."

"నాకు పెదనాన్నే లేడు!"

"మీ దుకాణం పేరే చెప్పారండీ. 'మా తమ్ముడి కొడుకు ఉన్నాడు, కొత్త బోర్డు పనిలో పడి రాలేకపోయాడు' అన్నారు."

వంశంగారు ఫోన్ విసురుగా పెట్టేశాడు.

"చచ్చి కూడా వదలట్లేదమ్మా! నిన్న ఎవడో దొంగవెధవ వచ్చి మనదీ తనదీ ఒకే ఇంటిపేరన్నాడు. మెడపట్టి గెంటాను."

తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎడమచేతికి బొటనవేలు ఉందా?"

"లేదు. నీకెలా తెలుసు?"

ఆవిడ గరిటె కింద పెట్టేసింది.

"ఎంత పని చేశావురా! మీ నాన్న ఆ ఇంట పుట్టినవాడు కాదు. యుద్ధంలో అమ్మానాన్నా పోయి, జ్వరంతో రేవులో పడి ఉన్న పసివాడు. అక్కణ్ణించి బయటపడ్డానికి అదే ఆఖరి పడవ. ఒక్కో ఇంటికి తండ్రితో పాటు ఒక్క పిల్లాడికే చోటు. మీ తాత, ఆయన కొడుకు అప్పటికే ఎక్కి కూర్చున్నారు."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్దామనే అనుకునేవాడు. నువ్వు నలుగురిలో వంశం వంశం అని ఊగిపోతుంటే ఆయనకి నోరు రాలేదు. బతికినన్నాళ్ళూ వెతికిస్తూనే ఉన్నాడు. ఆ పేరు అంత పెద్ద అక్షరాలతో ఎందుకు రాయించాడనుకున్నావు? ఎప్పటికైనా ఆయన కంట పడుతుందని."

"ఎవరి కంట?"

తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"'వీడు నా తమ్ముడు, నా బదులు వీణ్ణి తీసుకెళ్ళండి' అని మీ నాన్నని తన చోట్లో కూర్చోబెట్టి పడవ దిగిపోయాడే, ఆ బొటనవేలు లేని కొడుకు కంట."