ఎడమవైపు బరువు

బండ్లన్నీ వాటంతటవే నడుస్తున్న ఆ కాలంలో, చేత్తో నడిపే మోటార్‌సైకిల్ ఊళ్లో కోటిలింగం ఒక్కడికే మిగిలింది. ఏటా జరిగే బండి పరీక్షలో తప్పితే దాన్ని అక్కడికక్కడే తుక్కు చేసేస్తారు. అందుకే టైర్లు మార్పించి, చైన్‌కి ఆయిల్ పెట్టించి, భార్య తిరుపతమ్మను ఎక్కించుకుని తెనాలిలోని పరీక్షా కేంద్రానికి వచ్చాడు.

అక్కడ కార్లు మనుషుల్లేకుండానే వచ్చి వరసలో నిలబడి ఉన్నాయి. తిరుపతమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, బండిని చక్రాలు తిప్పి చూసే రోలర్ల మీదికి ఎక్కించి నడిపాడు.

"లైట్లు బాగున్నాయి బాబాయ్, బ్రేకులూ బాగున్నాయి," అంది గోడలోంచి యంత్రం, ఆడపిల్ల గొంతుతో. "కానీ బండి కుడికి లాగుతోంది. పరీక్ష తప్పింది."

కోటిలింగం బతిమాలాడు. "చక్రాలు నిన్ననే సరిచేయించాను గదమ్మా! ఇంకోసారి చూడు తల్లీ."

యంత్రం మళ్లీ చూసింది. "తేడా బండిలో లేదు బాబాయ్. మీరే కుడికి ఒరిగి నడుపుతున్నారు. నిటారుగా కూర్చోండి."

ఎంత తంటాలు పడ్డా ఆ నడుం నిటారు కాలేదు. చూసి చూసి తిరుపతమ్మ లేచి వచ్చింది. కుచ్చెళ్లు సర్దుకుని, పెళ్లయిన నాటినుంచీ కూర్చుంటున్నట్టే, రెండు కాళ్లూ ఎడమవైపుకి వేసి వెనక కూర్చుంది.

"ఇప్పుడు చూడమ్మాయ్," అంది.

చక్రాలు తిరిగాయి. బండి గీత గీసినట్టు తిన్నగా నడిచింది.

"పాసైంది బాబాయ్," అంది యంత్రం. "ఒక్కటే షరతు, మీరు ఒంటరిగా నడపకూడదు."

"విన్నారుగా," అంటూ తిరుపతమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఒంటరిగా నడపడం నాకెప్పుడు చేతనయింది గనక," అని కోటిలింగం కిక్ కొట్టాడు.