వద్దన్న తుపాకీ

"ఆ తుపాకీ జోలికి పోకమ్మాయ్."

గోడ మీదున్న పాత తుపాకీని దించమని అడుగుతున్న సల్కినాయ్ ఆగిపోయింది.

మాట అన్నది కొట్టు యజమాని ఎమిల్ కాదు. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, ఉప్పేసిన పాల టీ ఊదుకుంటున్న ఒక ముసలామె.

సల్కినాయ్ ఆమెను పట్టించుకోలేదు. మాటలు పడడం తనకు కొత్త కాదు.

భర్త పోయి ఏడాదైంది. కిందటి వసంతంలో పుట్టిన గొర్రెపిల్లల్లో సగం నక్కల పాలయ్యాయి. ఆడదానివి, మంద కాయడం నీవల్ల కాదు, నాకప్పగించి కొండ దిగమని బావగారు టాల్గాట్ ఊరంతా వినేలా చెప్పాడు. తుపాకీ మగవాడి చేతిలో ఉండాల్సిన వస్తువని, పోయిన తమ్ముడి తుపాకీ కూడా పట్టుకుపోయాడు.

ఆమె గొడవ పడలేదు. నరిన్ పట్నానికి తిరిగి తిరిగి తన పేరున లైసెన్సు సంపాదించుకుంది.

ఎమిల్ ముందుగా ఒక కొత్త తుపాకీ చూపించాడు. దానికి దుర్బీను ఉంది. మీట నొక్కుతూ పోతే తూటాలు వస్తూనే ఉంటాయట. ధర విని సల్కినాయ్ నవ్వేసింది. అది కొనాలంటే సగం మంద అమ్మాలి, ఇక కాయడానికి ఏం మిగులుతుందని అడిగింది.

ఆమె కన్ను మాత్రం చివరనున్న ఆ చవక తుపాకీ మీదే ఉంది. చిన్న తూటాది. బోల్టు వెనక్కి లాగి ఒక్కొక్కటే పెట్టుకుని కాల్చాలి. కర్ర ఎక్కడో పగిలితే తోలుతో బిగించి కట్టారు.

ఎమిల్ దించి ఇచ్చాడు.

బోల్టు తీసి, గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. లోపల తుప్పు చుక్క లేదు. బోల్టు మళ్ళీ తోస్తే తడబడకుండా దిగింది. భుజానికెత్తింది. తుపాకీ మడమను ఎవరో కోసి పొట్టి చేశారు. కొలిచి కుట్టిన చొక్కాలా ఆమె భుజంలో ఇమిడిపోయింది.

"ఒంటి తూటా తుపాకీ అది," అంది ముసలామె. "గురి తప్పిందా, రెండోది పెట్టుకునేలోపు నక్క నీ పిల్లతో కొండ దాటుతుంది."

"తప్పకపోతే?"

"మరి తోడేలొస్తే? దీంతో దాని వీపు గోకుతావా?"

"తోడేలుకి కుక్కలున్నాయి. నాకు నక్కలు చాలు."

"ఆడదానివి. చలికి వేళ్ళు కొంకర్లు పోతే బోల్టు లాగగలవా?"

సల్కినాయ్ తుపాకీ బల్ల మీద పెట్టి ఆమెవైపు తిరిగింది.

"మీ టీ మీరు తాగండవ్వా. నన్ను వద్దనడానికి మా బావ ఒక్కడు చాలడనా, మీరూ బయల్దేరారు? ఎవరో వద్దంటే మీరు ఊరుకున్నారేమో. నేను ఊరుకోను."



ముసలామె గిన్నె కింద పెట్టి, చేతికర్ర తడుముకుంటూ లేచింది. గడప దాటి వెళ్ళిపోయింది.

ఎమిల్ చాలాసేపు తలుపువైపే చూశాడు. తర్వాత బేరమాడకుండా, సల్కినాయ్ అనుకున్నదానికన్నా తక్కువే చెప్పి, తుపాకీని గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

గొర్రెలు ఈనడం మొదలైంది. ఒకరోజు తెల్లవారుజామున దొడ్డి వెనక మంచులో నక్క కదిలింది.

మొదటి తూటా తప్పింది.

వేళ్ళు నిజంగానే కొంకర్లు పోతున్నాయి. పంటి బిగువున బోల్టు లాగింది. రెండోది పెట్టింది. గట్టు ఎక్కిన నక్క ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసింది.

రెండోది తప్పలేదు.

నెలాఖరుకు టాల్గాట్ మందను తోలుకుపోవడానికి లారీ తెచ్చాడు. వాకిట్లో ఎండుతున్న నక్కతోళ్ళు చూశాడు. దొడ్డి నిండా అరుస్తున్న పిల్లల్ని చూశాడు. ఆ తుపాకీ ఎవరిదని అడిగాడు.

"నాది బావగారూ. మందా నాదే. టీ పెట్టాను, తాగి వెళ్ళండి."

అతను టీ తాగలేదు. లారీ వచ్చినంత ఖాళీగానే కొండ దిగిపోయింది.

ఎండలు ముదిరాక తూటాల కోసం సల్కినాయ్ మళ్ళీ పట్నం వచ్చింది. మంచి నక్కతోలొకటి ఏరి సంచిలో పెట్టుకుంది. ఆ ముసలామె కనబడితే ముఖం ముందు ఆడించాలని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది.

కొట్లో పొయ్యి ఆర్పేసి ఉంది. పీట ఖాళీ.

ఆ నోరున్న అవ్వ ఇవాళ రాలేదా అని అడిగింది. ఏటి మీద మంచు విరిగిన రోజుల్లోనే పోయిందని ఎమిల్ చెప్పాడు.

సల్కినాయ్ సంచిలోంచి తీయబోయిన తోలును మళ్ళీ లోపలికి తోసేసింది.

"పెద్దావిడని చూడకుండా మాట అన్నాను. ఇంతకీ ఎవరావిడ?"

ఎమిల్ తూటాల పెట్టె ఆమె ముందుకు జరిపాడు.

"జూరకాన్ అవ్వ, మొగుడు పోయాక నలభై ఏళ్ళు ఒంటరిగా మంద కాసి, కళ్ళు మసకబారాక తన తుపాకీ నా చేతిలో పెట్టి, వద్దంటే మానుకునేవాళ్ళకి మాత్రం ఇవ్వకురా అని, చలికాలమంతా ఆ పీట మీద కూర్చుని అడిగినవాళ్ళందరికీ తనే వద్దని చెప్పింది, ఎదురు తిరిగింది నువ్వొక్కదానివే అక్కా."